ముందు చివరి ఫ్లాపీ

డ్రాయింగు అయ్యవారు పోయారన్న కబురు నాకు ఉదయగిరి బస్సులో వచ్చింది. ఆ బస్సు కండక్టరు నెలకు రెండు మూడుసార్లు ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న మా డీటీపీ సెంటరు మెట్లెక్కి, అయ్యవారు పంపిన ఖాకీ కవరు నా టేబులు మీద పెట్టి, మంచినీళ్లు తాగి పోయేవాడు. పోయిన నెల ఒక మంగళవారం వచ్చినప్పుడు అతని చేతిలో కవరు లేదు. నీళ్లు కూడా అడగలేదు. "నిద్దర్లోనే పోయినాడంటమ్మా. సాయంత్రం నాలుగింటికి సమాధి చేస్తారంట" అన్నాడు. కంప్యూటరు మీద గుడ్డ కప్పి, సెంటరుకు తాళం వేసి, దొరికిన బస్సెక్కాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన దగ్గర చదివిన వాళ్లెవరమూ ఆ పేరుతో ఆయన్ని తలుచుకోలేదు. ఉదయగిరి హైస్కూల్లో నాకు ఎనిమిదో తరగతిలో బొమ్మలు నేర్పారు, నేర్పడానికి ప్రయత్నించారు అంటే నిజం. నేను వేసిన మామిడికాయను చూసి ఒకసారి "ఇదేంది పాపా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. నేను మామిడికాయ అని చెప్పాక, ఏ వైపు నుంచి చూశానో కనుక్కుని, అటువైపు వచ్చి నిలబడి చూశారు. ఆయన తిట్టగా నేను వినలేదు, అడగ్గా మాత్రం చాలా విన్నాను.

ఆ తర్వాత ఆయన్ని మళ్లీ చూసింది నాలుగేళ్ల కిందట. అప్పటికి రిటైరయ్యారు. మా మెట్ల కింద చెప్పులు విడిచి, చంకలో చుట్టచుట్టిన పెద్ద చార్టుతో పైకొచ్చారు. టేబులు మీద చార్టు విప్పితే నా కీబోర్డు, ప్రింటరు, టీ గ్లాసు అన్నీ దాని కింద పోయాయి. అది ఒక ఊరు. సోమశిల డ్యాము కట్టినప్పుడు నీళ్లలో మునిగిపోయిన వాళ్ల ఊరు. ఆ ఊరి జనం ఉదయగిరికి, కలిగిరికి, ఆత్మకూరుకి, ఎటు వీలైతే అటు చెదిరిపోతే, ఈయన మూడేళ్లు వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగి, ఎవరిల్లు ఎక్కడుండేది, వాకిలి ఎటుండేది, బావి ఎక్కడ, ప్రార్థన మందిరం ఎక్కడ అని అడిగి అడిగి పెన్సిలుతో గీశారు. ఏటా మే నెలలో ఆ ఊరి కుటుంబాలన్నీ సోమశిల దగ్గర నీళ్ల ఒడ్డున చేరి, ప్రార్థన చేసుకుని, కలిసి భోంచేస్తారు. వచ్చే మే నాటికి ఇంటికొక కాపీ అచ్చేయించి ఇవ్వాలన్నది ఆయన కోరిక.

నా దగ్గరున్న స్కానరు చేత్తో పట్టుకుని కాగితం మీద జరిపే రకం, వెడల్పు నాలుగంగుళాలే. చార్టు మీద దాన్ని లాగితే చెయ్యి వంకరపోయి బావి రెండు ముక్కలుగా పడింది. మళ్లీ లాగితే ప్రార్థన మందిరం ఏటవాలుగా ఒరిగింది. అయ్యవారు కాసేపు చూసి, కళ్లజోడు పెట్టెలోంచి పెన్సిలు చెక్కే బ్లేడు తీసి, స్కేలు పెట్టి, మూడేళ్ల కష్టాన్ని తొమ్మిది ముక్కలుగా కోసేశారు. "ఇప్పుడు లాగు, నేరుగా వస్తాది" అన్నారు. వచ్చింది.

స్కానింగు అయ్యాక ఆ ముక్కల్ని మళ్లీ అతికించలేదు. ఏ ముక్కలో ఏ వీధి ఉందో, ఆ వీధిలో అందరికంటే పెద్దవాళ్లకు ఆ ముక్క ఇచ్చేశారు. తొమ్మిదో ముక్కలో ఇళ్లు లేవు. పెన్న ఒడ్డు, ఇసుక, తాటిచెట్ల వరస, దాని వెనక సమాధుల దొడ్డి. దాన్ని ఆయన తన అక్కకు ఇచ్చారు. వాళ్లమ్మ పోయినప్పుడు ఆయనకు రెండేళ్లు. ఆ సమాధి ఎక్కడుందో ఆయనకు తెలియదు, అక్క వేలు పెట్టి చూపించిన చోట గీశారు. ఆ సంక్రాంతి వెళ్లిన వారానికే అక్క పోతే, ఆ ముక్కను ఆమె బైబిలు కింద పెట్టి శవపెట్టెలోనే పంపించారు. కంప్యూటరులో ఉంది కదా అన్న ధైర్యం. నన్ను నమ్మారన్నమాట.

అసలు సంగతి ఆ కంప్యూటరుదే. పెన్సిలు షేడింగు పోకూడదని బూడిద రంగుతో సహా స్కాన్ చేసేసరికి తొమ్మిది ముక్కలూ కలిసి నా హార్డ్ డిస్కులో ఊపిరాడకుండా చేశాయి. అప్పటికే దానిలో పెళ్లికార్డుల బొమ్మలు, ఏ.ఎస్. పేట అంగళ్ల కరపత్రాలు కిక్కిరిసి ఉన్నాయి. అచ్చు మే నెలలో కాబట్టి, అన్నిటినీ జిప్ చేసి ఫ్లాపీల్లోకి దించి డిస్కు ఖాళీ చేసుకుంటానన్నాను. జిప్ అంటే ఏమిటని అడిగారు. ఫైలును చిన్నది చేసి మూట కట్టడం, విప్పితే మళ్లీ ఎప్పటిలాగే వస్తుందని చెప్పాను. నెల్లూరులో నేను చదివిన మూడు నెలల కోర్సులో అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

"తగ్గింది యాడికి పోయినట్టు పాపా?"

ఎక్కడికీ పోదు, నొక్కి పెడుతుంది అన్నాను.

"దూదయితే నొక్కొచ్చు, లోపల గాలుంటాది. దీంట్లో ఏముండాది నొక్కేదానికి?"

ఆయన ఊరుకోలేదు. ఏమీ లేని తెల్ల కాగితాన్ని స్కాన్ చేసి జిప్ చేయమన్నారు. అది దాదాపు ఏమీ మిగలనంతగా తగ్గింది. ఆ జిప్‌నే మళ్లీ జిప్ చేయమన్నారు. ఈసారి తగ్గకపోగా రవ్వంత పెరిగింది. అది చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక కాగితం నిండా ఇష్టమొచ్చినట్టు చుక్కలు పెట్టి ఇచ్చారు, అది మొండికేసి ఏమంత తగ్గలేదు. మధ్యాహ్నం భోజనం వేళ దాటింది, బయట బెంచీ మీద పెళ్లివారు విసుక్కుంటున్నారు, ఈయనకు పట్టలేదు. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ చివరికి తేల్చారు, ఒకే సంగతి మళ్లీ మళ్లీ వస్తే మళ్లీ మళ్లీ రాయకుండా, ఇదే ఇన్నిసార్లు అని ఒక్కసారి రాసుకుంటుందని. సర్టిఫికెట్టు గోడకు తగిలించుకున్న నాకు, కంప్యూటరును అప్పుడే చూసిన మనిషి జిప్ చెప్పాడు. తర్వాత ఒక పుస్తకంలో చదివితే, కాస్త అటూ ఇటుగా అదే ఉంది.

ఊరి ముక్కలు జిప్ అవుతుంటే ఏది ఎంత తగ్గిందో నల్లటి తెర మీద వరసగా పడుతూ వచ్చింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"పెద్దిళ్ల వీధి ఎంత తగ్గిందో చూడు. దొడ్లు, గడ్డివాములేసే జాగా, అంతా ఖాళీనే గదా. మా పేట చూడు, తగ్గనంటా ఉండాది. ఒక గోడకి రెండిళ్లు. యాడ తగ్గాల?"

నవ్వుతూనే అన్నారు. ఆ ఊరి సంగతి ఆ అంకెల్లో కనపడుతుందని నేను అనుకోలేదు. తొమ్మిదో ముక్క, నదీ ఇసకా ఉన్నది, అన్నిటికంటే ఎక్కువ తగ్గింది. మొత్తం ఐదు ఫ్లాపీలయ్యాయి. నాలుగు నిండుగా, ఐదోది కొంచెం. డిస్కులో ఉన్నవి తుడిచేశాను. పోతూ పోతూ ఒక పాడైన ఫ్లాపీ అడిగి తీసుకుని, బస్టాండులోనే బ్లేడుతో దాని పొట్ట కోసి, లోపలి నల్లటి పలచటి బిళ్లను ఎండకు పట్టి చూస్తూ నిలబడడం మా కిటికీలోంచి కనిపించింది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఫిబ్రవరిలో ముహూర్తాలు. ఒక పెళ్లికార్డు ఫైలు మధ్యాహ్నం బస్సుకు నెల్లూరు ప్రెస్సుకు పంపాలి, కొత్త ఫ్లాపీ ఒక్కటీ లేదు. డ్రాయరులో వెతికితే విడిగా ఒకటి దొరికింది. దాని మీద నేను అంకె వేయలేదు. లోపల ఊరు అన్న పేరుతో ఒక చిన్న జిప్ ఉంది. రబ్బరు బ్యాండు వేసిన నాలుగు ఫ్లాపీల్లోనూ అదే పేరుతో పెద్ద పెద్దవి ఉన్నాయి. ఇదేదో సగంలో ఆగిపోయిన కాపీ అనుకున్నాను. ఒక్క ఫైలును ఐదు ఫ్లాపీలకు పంచితే ప్రతిదానిలోనూ అదే పేరుంటుందని మూడు నెలల్లో మర్చిపోయాను. ఫార్మాట్ కొట్టి, పెళ్లికార్డు ఎక్కించి పంపేశాను.

ఏప్రిల్లో ఊరు విప్పుదామని మొదటి ఫ్లాపీ పెట్టాను. ముందు చివరి ఫ్లాపీ పెట్టమని తెర మీద వచ్చింది. నాలుగోది పెట్టాను, ఇది చివరిది కాదంది. అప్పుడు గుర్తొచ్చింది.

రెండు రోజులు కరెంటు లేదని కబురు పంపాను. ఫ్లాపీలకు బూజు పట్టడం మామూలే. బూజు పట్టిందని చెబితే ఎవరూ నన్ను తప్పు పట్టరు. ఆ మాటను అద్దం ముందు అనుకుని చూసుకున్నాను కూడా. మూడో రోజు ఆయనే వచ్చి, మెట్ల కింద చెప్పులు విడుస్తూ "ఊరు తెరిచినావా పాపా?" అని కిందనుంచే అడిగారు. ఆయన పైకి వచ్చేలోపు బూజు మాట నా నోట్లో చచ్చిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆయన ముందు ఎవరి పెళ్లి అని అడిగారు. చెప్పాను. పెళ్లి బాగా జరిగిందా అని అడిగారు. జరిగిందన్నాను. మంచిదన్నట్టు తలూపి, అప్పుడు అసలు ప్రశ్న వేశారు, చివరిది పోతే మొదటిది ఎందుకు తెరుచుకోదని. పుస్తకం తీసి చదివి చెప్పాను. ఏ ఫైలు ఏ ఫ్లాపీలో ఎక్కడ మొదలవుతుందో ఆ జాబితా అంతా అన్నీ కట్టడం అయిపోయాక చివర్లో రాసుకుంటుంది, అందుకే విప్పేటప్పుడు ముందు దాన్నే అడుగుతుంది. జాబితా లేదు కాబట్టి మూట విప్పలేం.

"నేను బళ్లో హాజరు పుస్తకం పోగొట్టినాననుకో. పిల్లకాయలు పోయినట్టా? క్లాసులోకి పోయి ఒక్కొక్కణ్ణే నీ పేరేందిరా అంటే చెప్పరా?"

ఆయన అలా అడక్కపోతే నేను ఆ పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పేదాన్ని కాదు. పాడైన జిప్‌ను బాగుచేసే చిన్న ప్రోగ్రాము ఒకటి నా కంప్యూటరులోనే మొదటినుంచీ ఉంది, నేనెప్పుడూ నడపలేదు. ప్రతి ఫైలు నెత్తిన కూడా దాని పేరు ఉంటుందట. నాలుగు ఫ్లాపీల సరుకునూ డిస్కులో ఒక్కటిగా కలిపి, ఆ ప్రోగ్రామును దాని మీదకు తోలాను. తెర మీద ఒక్కో పేరే పడుతుంటే, ఆయన హాజరు తీసుకున్నట్టు వేళ్లు మడుస్తూ కూర్చున్నారు. పెద్దిళ్ల వీధి వచ్చింది. బావి వచ్చింది. పేట వచ్చింది. ఎనిమిది వచ్చాయి. తొమ్మిదోది ఐదో ఫ్లాపీలోనే ఉండింది, అది రాలేదు.

"అది అక్కకాడ ఉండాది" అన్నారు.

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, పెన్సిలు తీశారు. తెల్ల కాగితం మీద నది ఒడ్డు గీశారు, తాటిచెట్లు గీశారు, సమాధుల దొడ్డి కంచె గీశారు. కంచె లోపల పెన్సిలు ఆగిపోయింది. అక్కడ రాళ్లు లేవు, అన్నీ మట్టి దిబ్బలే, వరసలు వరసలు. అక్క చూపించిన చోటు ఏ వరసో, ఎన్నోదో గుర్తుకు రాలేదు. అంతకు ముందు గీసింది ఆయన చెయ్యే, కానీ చూపించిన వేలు ఆయనది కాదు. వాళ్లమ్మ జాడ ఆ ఒక్క ముక్కలోనే ఉండింది. దాన్ని నేను ఒక పెళ్లికార్డు కోసం తుడిచేశాను. ఈ మాట ఇప్పుడు రాస్తున్నా నాకు సిగ్గుగానే ఉంది.

కింది భాగం తెల్లగా వదిలేసి అచ్చేయించమన్నారు. మే నెలలో నేనూ వెళ్లాను. నీళ్ల ఒడ్డున దుప్పట్లు పరిచి జనం ఆ కాగితాల మీద పడ్డారు. ఇల్లు కనపడ్డవాళ్లు చూపించుకున్నారు, వాకిలి తప్పు పెట్టావని ఒకాయన అయ్యవారితో తగువేసుకున్నాడు. ఒక ముసలావిడ మాత్రం కింది తెల్ల భాగాన్ని అరచేత్తో తడుముతూ "అయ్యోరా, మా నాయన్ని యాడ పెట్టినావు?" అని అడిగింది. ఆయన పెన్సిలు ఆమె చేతికిచ్చారు. "నువ్వే పెట్టు అవ్వా." ఆమె జీవితంలో పెన్సిలు పట్టినట్టు లేదు. తాటిచెట్లు ఉండాల్సిన చోటి నుంచి లెక్కపెట్టుకుని, ఒక గీత గీసి, దాని పక్కన ఎవరి అవ్వ ఉండేదో కూడా చెప్పింది.

అక్కణ్ణుంచి రెండున్నరేళ్లు ఆయన పని అదే. కాపీలు ఇళ్లకు పోయాయి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఎవరివాళ్లను వాళ్లు గుర్తుపెట్టాక, ఈయన బస్సుల్లో తిరిగి ఆ కాగితాలు తెచ్చి, నాతో కింది భాగం స్కాన్ చేయించి, తిరిగి ఇచ్చి వచ్చేవారు. ఒక ఇంటివాళ్లు చెప్పింది ఇంకో ఇంటివాళ్లు చెప్పినదానితో సరిపోతే సంబరపడేవారు, సరిపోకపోతే ఇంకా సంబరపడేవారు, మళ్లీ వెళ్లి అడగొచ్చు కదా. వరసలు నిండుతున్నాయి. నిండేకొద్దీ మిగిలే ఖాళీల్లో ఒకటి వాళ్లమ్మది. ఆ సంగతి ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. నాకు తెలుసని ఆయనకు తెలుసు.

ఫ్లాపీల్లో పంచిన జిప్‌లో ఒక్క ఫైలు చేర్చాలన్నా అన్నీ విప్పి మళ్లీ కట్టాలి. అది ఆయనకు ఎందుకో చాలా నచ్చింది. కట్టిన ప్రతిసారీ రెండు జతలు, ఒకటి నా డ్రాయరులో, ఒకటి ఉదయగిరిలో వాళ్ల ట్రంకుపెట్టెలో. కట్టాక పరీక్ష చేయకుండా కుర్చీలోంచి లేవనిచ్చేవారు కాదు. "ముందు చివరిది పెట్టు పాపా" అనేవారు. ప్రతిసారీ అదే మాట, ఎత్తిపొడుపు లేకుండా. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంటున్నారు కదా, ఆగితే ఫ్లాపీల్లో ఉండేదానికి తెలుస్తుందా అని ఈ మధ్యే అడిగారు. తెలుసుకుని చెబుతానన్నాను.

ఈ ఏడాది చూపు తగ్గింది. బస్సెక్కడం మానేసి, మనవళ్లను పంపించి కాపీలు తెప్పించి కండక్టరు చేతికిచ్చి పంపేవారు. ఇంకా పదకొండు కుటుంబాలు మిగిలాయి. వాళ్లెక్కడున్నారో నాకు తెలియదు. పని కోసం ఊళ్లు మారినవాళ్లు, చిరునామా లేనివాళ్లు. అదంతా ఆయన తలలో ఉండేది. ఉదయగిరి కొండ కింద మట్టి వేస్తుంటే నాకు ప్రార్థన వినపడలేదు, జాబితా మళ్లీ పోయింది అన్న ఆలోచనే తిరిగింది. ఈసారి నేను తుడిచింది కాదు.

పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడిక నాడు మళ్లీ వెళ్లాను. భోజనాలయ్యాక ఆయన భార్య నన్ను లోపలికి పిలిచి, ట్రంకుపెట్టెలోంచి ఫ్లాపీలు, వాటి మీద ఒక ఖాకీ కవరు తీసి చేతిలో పెట్టింది. కవరు మీద నా సెంటరు పేరు ఆయన రాతలోనే ఉంది.

"కండక్టరుకి ఇయ్యాలని పెట్టుకున్నాడు, ఆ పొద్దు బస్సు తప్పిపోయింది. ఇది ఆయన కాపీనే. చివరిదంట. ముందు నువ్వు ఇదే చూడాలంట."

ఆత్మకూరు వచ్చాక, కిటికీ పక్కన నిలబడి విప్పాను. పైన ఊరంతా ఉంది. కింది భాగంలో నది ఒడ్డు, తాటిచెట్లు, కంచె పెన్సిలుతో ఉన్నాయి. కంచె లోపల ఒక్క గుర్తూ లేదు. కానీ ఐదారు చోట్ల కాగితం నూగు లేచి ఉంది. ఒకచోట గీసి, రబ్బరుతో చెరిపి, ఇంకోచోట గీసి, మళ్లీ చెరిపారు. ఎన్నిసార్లో ఆయనకే తెలియాలి.

వెనక్కి తిప్పితే కాగితం నిండా రాత. పదకొండు కుటుంబాలు. ఎవరు, ఏ ఊరిలో, ఏ బస్సెక్కాలి, దిగి ఎవరిని అడగాలి. ఒకరి పేరు పక్కన, చెవులు వినపడవు, గట్టిగా అడుగు అని ఉంది. సోమశిలలో చేపలు పట్టే ఒకాయన పేరు పక్కన, పొద్దున్నే పో, తర్వాత దొరకడు అని ఉంది. చూపు సరిగ్గా ఆనని మనిషి రాత, వరసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. అన్నిటికంటే కింద, కొంచెం ఎడం వదిలి, ఒక్క వరస: "అందరూ పెట్టుకున్నాక మిగిలేది మా అమ్మ."

సోమశిలకు ఈ ఆదివారం పొద్దున బస్సుకే వెళుతున్నాను. ఆయన కాగితాన్ని మాత్రం ఇంకా స్కాన్ చేయలేదు, కిటికీ అద్దానికి అతికించి ఉంచాను. పొద్దున ఎండ దాని వెనక నుంచి వస్తుంది. వెనక రాసిన పదకొండు పేర్లూ తిరగబడి, కంచె లోపలి తెల్ల జాగాలో మసకగా కనపడతాయి. రబ్బరుతో పలచబడ్డ చోట్ల వెలుతురు కాస్త ఎక్కువగా పడుతుంది.